పిచ్చుకా, ఈ డాక్టరమ్మ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను

ప్రియమైన పిచ్చుకా,

ముందు తిట్టేసెయ్. నీ ఉత్తరం ఉగాదికి ముందే వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు అలిగి ఉంటావని తెలుసు, హాస్టల్లో ఆరో నంబరు గది కిటికీ దగ్గర కూర్చుని అలిగినట్టే. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను: అమ్మకి రెండో కంటికి కూడా శుక్లం తీసేశారు, బాగా కనిపిస్తోంది. పెద్దాడు ఇంటర్‌లో చేరాడు. మేడ మీద వాటా ఖాళీ చేసి కింద వాటాలోకి దిగాం. ఆయనకి బదిలీ తప్పింది. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి అందింది, అయిపోయింది కూడా. ఇవన్నీ తర్వాత ఫోన్లో తీరిగ్గా మాట్లాడుకుందాం. చెప్పాల్సింది వేరే ఉంది. కొన్నాళ్లుగా వంట చేస్తున్నా, బస్సులో నిలబడ్డా, మైక్రోస్కోపు ముందు కూర్చున్నా అదే బుర్రలో తిరుగుతోంది. మా ఆయనకి చెప్తే శ్రద్ధగానే విన్నాడు కానీ, ఉల్లివేరు నలిపి రంగు వేసి చూసినవాళ్లకి తెలిసినట్టు ఆయనకి తెలియదు కదా. నీకే చెప్పాలి.

మా మేడమ్ ఒకరోజు ఒక వ్యాసం జిరాక్సు తీసి నా బల్ల మీద పెట్టి, "ఇది మీరు తప్పకుండా చదవాలి" అన్నారు. మార్త్ గోతియే అని ఫ్రాన్స్‌లో ఒక పిల్లల డాక్టరు. తన 83వ ఏట, 2009లో, ఒక సైన్సు పత్రికలో తన కథ తనే రాసుకుంది. 50 ఏళ్లు నోరు విప్పని మనిషి! అది చదివాక ఆవిడ గురించి ఇంకేం దొరికితే అది చదువుతూ వచ్చాను.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో, అంటే పుట్టుకతోనే ఎదుగుదల, తెలివి మందగించి ఉండే పిల్లల్లో, 21వ క్రోమోజోము (కణంలో జన్యువుల్ని మోసే పోగు) రెండుకి బదులు మూడు ఉంటాయని, మొత్తం 46 కాకుండా 47 అవుతాయని మనం బీఎస్సీలో చదివాం. కనిపెట్టింది జెరోమ్ లెజూన్, 1959. రెండు మార్కుల ప్రశ్న. నువ్వు ఆ పేరు పలికిన తీరుకి సార్ తలపట్టుకున్నారు, గుర్తుందా? ఆ జవాబు వెనక ఇంకో మనిషి ఉందని మనకెవరూ చెప్పలేదు. అప్పటికి ఆ సార్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది!

ఆవిడ రైతుబిడ్డ. 1925లో పారిస్‌కి తూర్పున ఒక పల్లెటూళ్లో, బోలెడంతమంది పిల్లలున్న ఇంట్లో పుట్టింది. అక్క పోలెట్ అప్పటికే పారిస్‌లో మెడిసిన్ చదువుతోంది. 1942లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌కి ఈవిడ కూడా అక్క దగ్గరికి చదువుకోడానికి వెళ్లింది. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి అవుతోంది, జర్మన్ సైన్యం వెనక్కి పోతోంది, ఆ గొడవలో అక్కని చంపేశారు. ఇంకొన్నాళ్లు ఆగితే డాక్టరయ్యేది. పిచ్చుకా, ఆ చోట నేను కాగితాలు పక్కన పెట్టేశాను, ఆ రాత్రికి ఇక చదవలేకపోయాను.

ఆ తర్వాత చెల్లెలు చదివింది. పారిస్ ఆసుపత్రుల్లో ఇంటర్నుగా చేరడానికి పెద్ద పోటీ పరీక్ష ఉంటుంది. ఆవిడ నెగ్గిన ఏడు 80 మందిలో ఆడవాళ్లు ఇద్దరే. పిల్లల వైద్యంలోకి వెళ్లి రాబర్ట్ దెబ్రే అనే పెద్దాయన దగ్గర పిల్లల గుండెజబ్బుల మీద పని చేసింది. రుమాటిక్ జ్వరం ముదిరి చనిపోయే పిల్లల మీదే థీసిస్ కూడా. ఇది చదవగానే మన గుంటూరు పిల్ల గుర్తొచ్చింది. గొంతునొప్పి వచ్చి తగ్గిపోయిందనుకుంటే అది గుండె కవాటాల మీద పడటం, మూడు వారాలకోసారి ఆ పెన్సిలిన్ ఇంజెక్షన్, రిక్షాలో మనిద్దరం చెరో పక్కా కూర్చుని తీసుకెళ్లడం, అది ఏడుస్తుంటే నువ్వు ఆ పాట... సరే, ఆ పాట సంగతి వద్దులే. గోతియే చూసింది అలాంటి పిల్లల్నే.

1955లో దెబ్రే స్కాలర్‌షిప్ ఇప్పించి ఏడాదికి బోస్టన్ పంపాడు, హార్వర్డుకి. ఓడలో వెళ్లింది. పిల్లల గుండె వైద్యం నేర్చుకోడానికే వెళ్లింది. అయితే అక్కడ ఒక కణాల కల్చర్ ల్యాబులో టెక్నీషియను కాన్పు సెలవులో ఉంటే, ఆవిడ బదులు కొన్ని గంటలు ఈవిడ పని చేసింది. డాక్టరు అయ్యుండి టెక్నీషియను పని! మన దగ్గర అయితే నామోషీ అనుకుంటారు. ఆవిడ అనుకోలేదు. శరీరంలోంచి తీసిన చిన్న ముక్కని గాజు మీద బతికించి పెంచడం అక్కడ చేత్తో నేర్చుకుంది. కథంతా ఆ సెలవు దగ్గర మొదలైంది చూడు. ఎవరో తెలియని ఒకామె బిడ్డని కనబట్టి...

1956లో పారిస్ తిరిగొస్తే, తనకిస్తామన్న గుండె విభాగం ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. ఖాళీ ఉన్నచోట చేరింది: ట్రూసో ఆసుపత్రి, రేమండ్ టుర్పాన్ అనే ప్రొఫెసరు విభాగం. ఆయనకి డౌన్ పిల్లల మీద ఎప్పట్నుంచో పట్టుదల. ఇది క్రోమోజోముల్లో తేడా అయి ఉంటుందని 1930ల్లోనే రాసిన మనిషి. కానీ చూసేదెలా? మనిషికి 48 క్రోమోజోములని 30 ఏళ్లకి పైగా ప్రపంచమంతా నమ్మింది. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు కాదు, 46 అని 1956లో తేల్చారు. టుర్పాన్ ఆ కబురు ఒక మహాసభ నుంచి మోసుకొచ్చి, మన దగ్గర కల్చర్ చేసే ల్యాబు లేదే అని విచారిస్తుంటే, కొత్తగా చేరిన ఈవిడ "గది ఇస్తే నేను చేస్తాను" అంది.

గది ఇచ్చారు. అందులో ఒక ఫ్రిజ్, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక ఖాళీ బీరువా, సరిగ్గా కనపడని ఓ పాత మైక్రోస్కోపు. డబ్బు మాత్రం పైసా ఇవ్వలేదు. ఆవిడ సొంతంగా అప్పు చేసి గాజు సామాను కొన్నది.

ఇప్పుడు నీకు నా పని కొంచెం చెప్పాలి, లేకపోతే ఆవిడ చేసింది ఎంత పెద్దదో తెలియదు. మాకు ఇప్పుడు పచ్చమూత ట్యూబులో రక్తం వస్తుంది. కంపెనీ సీసాలో మీడియం, అంటే కణాలకి తిండి అయ్యే ద్రవం ఉంటుంది, ఎఫ్‌బీఎస్ ఉంటుంది, అంటే దూడపిండం సీరం. అందులో రక్తం కొన్ని చుక్కలు వేసి, తెల్లకణాలు విభజన మొదలుపెట్టడానికి పీహెచ్‌ఏ కలిపి, 37 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతాం. ఆఖర్న కాల్చిసిన్ వేస్తే విభజన మధ్యలో ఆగిపోతుంది. పల్చటి ఉప్పునీళ్లు పోస్తే కణం ఉబ్బి లోపల క్రోమోజోములు విడివిడిగా జరుగుతాయి. మిథనాలు, ఎసిటిక్ యాసిడ్ కలిపి కడిగి, స్లైడు మీద చుక్క వేస్తాం. తర్వాత రంగు. అన్నీ సవ్యంగా ఉన్నా ఒక్కోసారి కణాలు పెరగవు. వాతావరణంలో తేమ ఎక్కువైతే స్లైడు మీద సరిగ్గా పరుచుకోవు. అలాంటి రోజు నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడను, అడుగు మా వాళ్లని.

ఆవిడ దగ్గర ఇవేవీ లేవు. రక్తంతో చేసే పద్ధతి 1960లో గానీ రాలేదు కాబట్టి చర్మం కింద ముక్క తీసి పెంచాలి. ఎఫ్‌బీఎస్ దొరకదు. దాని బదులు ఏం వాడిందో చెప్పనా? తన రక్తం! తన చేతి నరంలోంచి తీసుకుని సీరం తయారు చేసుకుంది. కణాలు పట్టుకుని ఉండటానికి కోడి ప్లాస్మా కావాలి. ఒక కోడిపుంజుని కొని పెంచింది, కావాల్సినప్పుడల్లా దాన్నుంచి రక్తం తీసేది. పెరుగుదలకి పిండరసం కావాలి. పొదిగిన గుడ్లు తెప్పించి అందులోంచి తీసింది. పారిస్ నగరంలో, ఆసుపత్రి ల్యాబు కోసం పుంజు! రైతింటి పిల్ల కాబట్టే జంకలేదనిపిస్తుంది నాకు. పట్నంలో పెరిగిన డాక్టరైతే గ్రాంటు కోసం అర్జీ పెట్టి, అది వచ్చేదాకా కూర్చునేవాడు.

కణాల్ని ఉబ్బించి, స్లైడు ఆరబెట్టి క్రోమోజోములు విడిపోయేలా చేయడం తనే కుదుర్చుకుంది. పక్కన సాయానికి టెక్నీషియన్లున్నారు. ముందు మామూలు పిల్లలవి చూసింది. వేరే ఆపరేషన్లకి వచ్చినవాళ్ల ముక్కలు. 46. మళ్లీ 46. పద్ధతి నమ్మదగ్గదని రుజువయ్యాకే డౌన్ పిల్లవాడి ముక్క అడిగింది. తొందరపడలేదు, చూశావా? ఇది నాకు చాలా నచ్చింది. మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి ఇదే చెప్తున్నాను ఇప్పుడు: ముందు మామూలుది నమ్మకంగా చెయ్యి, తర్వాత తేడా ఉన్నది ముట్టుకో.

1958 మే. ఆ అబ్బాయి కణాల్లో లెక్కపెడితే 47.

నువ్వు బీఎస్సీలో మైక్రోస్కోపులోంచి తలెత్తి "ఇవి క్రోమోజోములా, చీమలా?" అని అడిగావు కదా, ఆ రోజు నుంచి నాకు అవి చీమలే. అన్నిటికన్నా చిన్న చీమ ఒకటి ఎక్కువుంది, పిచ్చుకా. రంగు పట్టీలు లేని కాలం అది. బ్యాండింగ్, అంటే క్రోమోజోముల మీద అడ్డపట్టీలు కనపడేలా రంగు వేసే పద్ధతి, 1970 ప్రాంతంలో గానీ రాలేదు. ఇప్పుడు మేం పట్టీలు చూసి ఇది 21, ఇది 22 అని చెప్పేస్తాం. అప్పుడు అన్నీ ఒకే రంగు ముద్దలు. పైగా ఆ పాత మైక్రోస్కోపు. అందులో ఒక పుల్ల ఎక్కువుందని నిబ్బరంగా చెప్పడానికి ఎంత కన్ను ఉండాలి, ఎంత గుండె ఉండాలి!

ఆ మైక్రోస్కోపుకి ఫోటో తీసే ఏర్పాటు లేదు. ఫోటో లేకపోతే లోకం నమ్మదు. టుర్పాన్ దగ్గరే పరిశోధన చేసే జెరోమ్ లెజూన్ ఈ గదికి తరచు వచ్చిపోతుండేవాడు. ఫోటోలు వేరే మంచి ల్యాబులో తీయిస్తానంటే స్లైడ్లు ఇచ్చింది. ఆ ఫోటోలు తనకి చూపించలేదని ఆవిడ రాసింది. ఆ ఏడు లెజూన్ కెనడా వెళ్లి మాంట్రియల్‌లో ఈ సంగతి చెప్పాడు. 1959 జనవరి 26న ఫ్రెంచి సైన్సు అకాడమీ పత్రికలో వచ్చింది. మొదటి పేరు లెజూన్, చివరి పేరు టుర్పాన్, మధ్యలో ఆవిడ. వ్యాసం వస్తోందని ఆవిడకి తెలిసిందే చివరి క్షణంలో. అందులో పేరు కూడా తప్పు. మార్త్ బదులు మారీ అని, ఇంటిపేరులో లేని అక్షరం ఒకటి చేర్చి అచ్చేశారు.

మా దగ్గర రిపోర్టు మీద పేషెంటు పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మేడమ్ కాగితం చింపి మళ్లీ టైపు చేయిస్తారు. "ఇది ఒక మనిషి" అంటారు. ఆ మాట గుర్తొచ్చి నాకు కోపం ఆగలేదు. ఆ రోజు బస్సులో పక్కనావిడ "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

కానీ కోపంలో అన్యాయంగా మాట్లాడకూడదు. ఇది నువ్వే నాకు నేర్పావు, మెస్ కమిటీ గొడవలో. లెజూన్ ఏమీ చెయ్యలేదని నేననను. ఆయన ఆ పిల్లల్ని ప్రాణంగా చూసుకున్నాడు, జీవితమంతా వాళ్లతోనే గడిపాడు. ఆయన తమ బిడ్డని పేరు పెట్టి పిలిచి, చేతుల్లోకి తీసుకునేవాడని తల్లిదండ్రులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1963లో ఇంకో జబ్బుకి, పిల్లిపిల్లలా ఏడ్చే పసివాళ్ల జబ్బుకి, 5వ క్రోమోజోములో ముక్క లేకపోవడమే కారణమని చూపించింది ఆయనే. టుర్పాన్ 1930ల నుంచి ఊహించకపోతే ఆ గది ఇచ్చేవాడే కాదు. ఇవన్నీ నిజమే. అయినా 1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ చేతి మీదుగా బహుమతి అందుకున్నప్పుడు, తర్వాత ప్రొఫెసరు పదవి వచ్చినప్పుడు, ఆ అప్పు, ఆ పుంజు, ఆవిడ చేతి నరం ఎవరికైనా గుర్తున్నాయా? స్లైడు లేకుండా ఫోటో ఎక్కడిది?

మేడమ్‌తో కూడా ఇదే వాదించాను. "కనిపెట్టడమంటే అర్థం చేసుకోవడం కూడా కదా" అన్నారావిడ. ఒప్పుకుంటాను. కానీ గోతియే 46 అని తేల్చుకుని, 47 అని చూసి, అది ఏమిటో అర్థం కాకుండా కూర్చోలేదే! డాక్టరే కదా ఆవిడ కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పి మళ్లీ కథలోకి వస్తాను. ఆ మధ్య రక్తం ఇప్పించడానికి ఒక తల్లి బిడ్డనెత్తుకుని వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. పాపకి కళ్లు కొంచెం ఏటవాలుగా, మెడ మెత్తగా. పక్కన అత్తగారు. నేను ట్యూబు మీద పేరు రాస్తుంటే ఆ పిల్ల వంగి మెల్లగా అడిగింది, "గ్రహణం రోజు కూర తరిగానండీ. అందుకేనా?" నేను ఏం చెప్పను? రిపోర్టు రాకముందు మేం ఏమీ చెప్పకూడదు. "మీరు తరిగినదానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అని మాత్రం చెప్పాను, అత్తగారికి వినపడేలా. రిపోర్టు వచ్చాక మేడమ్ ఇద్దర్నీ కూర్చోబెట్టి బొమ్మ చూపించారు. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడే, విడిపోవాల్సిన రెండు 21వ క్రోమోజోములు విడిపోకుండా ఒకే వైపు వెళ్లిపోతాయి, ఇది ఎవరూ చేసింది కాదు, ఆపగలిగేదీ కాదు అని చెప్పారు. తల్లి వయసు పెరిగే కొద్దీ ఇలా జరిగే అవకాశం ఎక్కువైనా, చిన్న వయసు తల్లులకీ జరుగుతుంది. అత్తగారు ఆ కాగితం మీద మూడు చిన్న గీతల్ని వేలితో తడిమి చూసింది. ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు పాపని తను ఎత్తుకుంది.

ఫ్రాన్స్‌లోనూ అప్పట్లో అంతేనట. తల్లిదండ్రులకి సుఖవ్యాధి ఉందనో, తాగుడనో అనుమానించేవాళ్లు. 47 అని తేలాక ఆ మాట అనడానికి లేకుండా పోయింది. ఎంతమంది తల్లుల నెత్తి మీంచి ఎంత బరువు దిగిందో ఆలోచించు! అందుకే నాకు ఈ పేరు గొడవ చిన్నదిగా కనపడటం లేదు. ఆ బరువు దించిన చేతులు ఎవరివో ఆ తల్లులకి తెలియాలి కదా.

అసలు ఒళ్లు మండేది ఇప్పుడు వస్తుంది. 2014 జనవరి 31. బోర్డో నగరంలో జన్యుశాస్త్రం వాళ్ల పెద్ద సభ. ఆవిడకి 88 ఏళ్లు. ప్రసంగం ఇవ్వాలి, గౌరవ పతకం అందుకోవాలి. లెజూన్ పేరు మీద ఉన్న ఫౌండేషన్ వాళ్లు ఆవిడ ఏం మాట్లాడుతుందో రికార్డు చేయడానికి కోర్టు అనుమతి తెచ్చి అధికారుల్ని పంపారు. నిర్వాహకులు జంకి ప్రసంగాన్ని ఆఖరి నిమిషంలో రద్దు చేశారు. పతకం ఎవరూ లేనిచోట ఇచ్చారు. ఆ వయసులో తయారై, కాగితాలు సర్దుకుని అంతదూరం వచ్చిన మనిషికి! మన సన్మాన సభల్లో మైకు దొరికితే వదలనివాళ్లని ఎంతమందిని చూశాం. ఆవిడకి ఒక్కసారి, ఒక్క గంట ఇవ్వలేకపోయారు.

అదే ఏడు సెప్టెంబరులో ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ, ఇన్సెర్మ్ అంటారు, దాని నైతిక విలువల కమిటీ పాత కాగితాలు తిరగేసి అభిప్రాయం చెప్పింది: ఆ కల్చర్ పద్ధతి లేకుండా ఈ ఆవిష్కరణ జరిగేది కాదు, ఇందులో లెజూన్ పాత్రే ప్రధానమైనది అనడం కష్టం. ఇది చదివినప్పుడు నేను లేచి మేడమ్ గదికి వెళ్లి తలుపు తట్టాను. ఆవిడ నవ్వి "చదివారన్నమాట" అన్నారు. ఫ్రాన్స్ ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ అనే అక్కడి పెద్ద పురస్కారం ఇచ్చింది, అదీ 2014లోనే. అంతకుముందు ఇస్తామంటే వద్దందట. నాకు ఆవిడ ఇంకా నచ్చింది.

2022 ఏప్రిల్ 30న పోయింది, 96 ఏళ్లు.

నువ్వు అడుగుతావని తెలుసు, "మరి ఇన్నేళ్లు ఏం చేసింది, ఏడుస్తూ కూర్చుందా?" అని. లేదు! క్రోమోజోములు వదిలేసి తనకిష్టమైన పిల్లల వైద్యానికి తిరిగి వెళ్లిపోయింది. పసిపిల్లల లివర్ జబ్బుల మీద బిసెత్ర్ ఆసుపత్రిలో డేనియల్ అలాజీల్‌తో కలిసి పని చేసింది. ఆయన పేరు మీద ఒక జబ్బే ఉంది, మా దగ్గరికి కూడా అప్పుడప్పుడు అలాంటి పిల్లలు వస్తారు. ఇన్సెర్మ్‌లో పరిశోధన డైరెక్టరు దాకా ఎదిగింది. అంటే చేతిలోంచి ఒకటి లాగేసుకున్నా ఇంకోటి మొదలుపెట్టి అందులోనూ పేరు తెచ్చుకుంది. నాకైతే... ఏమో, నాలాంటి దానికి అది సాధ్యమా అని కాదు, అసలు ఎవరికైనా అంత ఓర్పు ఎక్కడినుంచి వస్తుంది? అక్క నుంచా? ఆడపిల్లవి, డాక్టర్ల ఇంట్లో పుట్టినదానివి కాదు, నువ్వు రెండింతలు కష్టపడాలి అని అక్క చెప్పేదట. ఆ అక్క బతికుంటే ఈ ఫోటోల విషయంలో ఊరుకునేదా అని నాకు ఒకటే అనుమానం. నువ్వేమంటావు? నాకోసం నువ్వు వార్డెన్ గదికి వెళ్లిన రోజు గుర్తొస్తోంది.

ఇంకొకావిడ సంగతి కూడా చెప్పాలి, ఎడిన్‌బరోలో పాట్రీషియా జేకబ్స్. అదే 1959లో, ఆ ఫ్రాన్స్ వాళ్లతో సంబంధం లేకుండా, ఆవిడ కూడా డౌన్ పిల్లల్లో 47 చూసింది. అంతకుముందే ఒక మగమనిషిలో ఎక్స్ క్రోమోజోము ఒకటి ఎక్కువుండటం కూడా కనిపెట్టింది. అప్పటికి ఆవిడ మన కంటే చిన్నదే, ఆవిడ ఎలా మొదలుపెట్టిందంటే

అయ్యో, టైమైంది. శనివారం పెట్టిన కల్చర్లకి ఇప్పుడు కాల్చిసిన్ వెయ్యాలి, కాస్త ఆలస్యమైనా పనికిరావు. కింద ఆటెండర్ కూడా టపా పట్టుకెళ్లడానికి నిలబడ్డాడు. మిగతాది ఇంకో ఉత్తరంలో. పచ్చడి మళ్లీ పంపు.

నీ
ఆరో నంబరు గది